మావ ఇన్నదేటి

మావ పోయాడని కబురొచ్చినప్పుడు నేను బడిలో పాఠం చెబుతున్నాను. తరగతిలో ఫోన్ ఎత్తనని నాన్నకి తెలుసు, అయినా ఆగకుండా చేస్తున్నాడు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "మీ మావ మరి లేడమ్మా" అన్నాడు. "పొద్దున్న టీ పట్టుకెళ్ళి మీ అత్త నేపితే లెగలేదు. నిద్రలోనే గుండె ఆగిపోనాదంట." అంతే చెప్పి, పెట్టేయకుండా అలాగే ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఆయన ఊపిరి వినబడుతూనే ఉంది.

మావ మా అమ్మకి తమ్ముడు. అత్త మా నాన్నకి చెల్లెలు. రెండిళ్ళ మధ్య పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకున్న సంబంధం, అందుకని మావా నాన్నా రెండువైపులా బావలే. మాది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు ఊరు. మావాళ్ళంతా వేటకెళ్ళేవాళ్ళే. నాన్న మాత్రం చేపల వ్యాపారంలోకి దిగి, ఊళ్ళో పడిన చేపని విజయనగరం మార్కెట్టుకి వేసుకెళ్ళేవాడు. మావ సముద్రాన్ని వదల్లేదు గానీ పడవ వదిలేశాడు. ఎవరో పట్టుకెళ్ళి పెద్ద సరుకు ఓడల్లో పెట్టించారు. ఇంజన్ రూములో ఫిట్టరు పని. నెలల తరబడి కనిపించేవాడు కాదు. వచ్చినప్పుడు సబ్బులు, చాక్లెట్లు, అత్తకి సెంటు సీసాలు తెచ్చేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. నా చిన్నతనంలో సగం వాళ్ళింట్లోనే గడిచింది. పిల్లా అన్నట్టు మావ నన్ను గుంటా అనే పిలిచేవాడు.

ఒకసారి వచ్చినప్పుడు అవేవీ తేలేదు. ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. దాన్ని విశాఖ నుంచి ఇంటిదాకా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాడట. అందులో ఉన్నది సీడీలు పాడే పెట్టె. జపాన్ రేవులో ఓడ ఆగినప్పుడు కొన్నాడు. నల్లగా, బరువుగా, బావి గట్టు మీది రాయిలా ఉండేది. మీట నొక్కితే డిస్కు పెట్టే పళ్ళెం చప్పుడు లేకుండా బయటికొచ్చేది. దానికి కలిపే యాంప్లిఫయరూ స్పీకర్లూ తర్వాత విశాఖలో కొన్నాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో టేపురికార్డర్లే గొప్ప. ఆ పెట్టెకి ఎంత పెట్టాడో అత్తకి కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే గోలయ్యేదని తర్వాతెప్పుడో నాతో అన్నాడు.

ఎందుకు కొన్నావు మావా అని అడిగాను. ఆయన చెప్పింది ఇది. ఓడ దిగి బజారులో తిరుగుతుంటే వర్షమొచ్చింది. ఒక దుకాణంలోకి దూరాడు. లోపల ఆ పెట్టె మీద ఎవరో పిల్లనగ్రోవి వాయిస్తున్న డిస్కు పెట్టి ఉంది. "ఆ వాయించేవోడు ఊపిరి తీసుకున్నాడు గుంటా. పాట కాదు, ఊపిరి. పక్కన కూకున్నట్టు ఇనపడ్డాది. ఇంజన్ రూములో అన్నేళ్ళు పన్జేసి నాను మనిషి ఊపిరి ఎప్పుడిన్నాను?" ఆ డిస్కు కూడా కొనుక్కొచ్చాడు. దాని మీద పేరు జపాను అక్షరాల్లో ఉండేది. మేమెవ్వరం ఎప్పటికీ చదవలేకపోయాం.

ఓడలు మానేసి ఇంటికొచ్చేసిన తర్వాత ఆ పెట్టె చుట్టూనే మావ రోజు తిరిగేది. సముద్రపు గాలికి ఇనప సామానంతా తుప్పు పడుతుంది కదా, దానికి పడకూడదని మెత్తటి లుంగీ కప్పేవాడు. ఎక్కడ కొత్త చెప్పుల డబ్బా కనిపించినా అందులో తేమ పీల్చే చిన్న పొట్లాలు అడిగి తెచ్చి పెట్టె కింద పరిచేవాడు. చెయ్యి కడుక్కోకుండా డిస్కు ముట్టుకోనిచ్చేవాడు కాదు. అంచులు పట్టుకోవాలి, తుడిస్తే మధ్య నుంచి బయటికి తుడవాలి. పాట మొదలయ్యాక ఎవరూ లేవకూడదు. "సగంలో నెగిసిపోయేవోడు ముందే ఎల్లిపోవాల" అనేవాడు. కుర్చీలో వీపు నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసుకుని వినేవాడు. నాదస్వరం, వయొలిన్, పాత సినిమా పాటలు, ఏదైనా సరే అదే కూర్చోవడం. పక్కన నేలమీద నేను. ఒక పాటలో ఎన్ని వాయిద్యాలున్నాయో విడదీసి వినడం అక్కడే నేర్చుకున్నాను. నాకు తెలిసినంతలో ఏ పనీ చెప్పకుండా నన్ను పక్కన కూర్చోబెట్టుకున్న పెద్దమనిషి ఆయనొక్కడే.

తర్వాత కొన్నేళ్ళకి నాన్న కూడా ఒక ప్లేయరు కొన్నాడు. విజయనగరం గంటస్తంభం దగ్గర కొట్లో, ప్లాస్టిక్కుది, అరచేత్తో ఎత్తేంత తేలిక. పళ్ళెం బయటికొచ్చేటప్పుడు కిర్రుమనేది. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే తగువు.

"నీ పెట్టెలో పాడేదీ నా దాంట్లో పాడేదీ ఒకటే డిస్కు గదా బావా" అనేవాడు నాన్న. "గిన్నె మారితే పులుసు రుచి మారతాదేటి?"

"మారదా? మట్టి దాకలో వొండిన పులుసూ, సత్తు గిన్నెలో వొండిన పులుసూ ఒకటేనేటి? నువ్వు సేపలోడివి, నువ్వే సెప్పు."

చేపల మనిషి దాన్ని కాదనలేడు. అయినా మళ్ళీ అందుకునేవాడు. "నాకు తేడా తెల్డం నేదు బావా."

"నీకు తెలకపోతే తేడా నేదనేనా? నువ్వు ఇంటన్నావు గానీ, సెవి పెట్టడం నేదు."

నాన్న ఈ తగువు కోసమే ఆదివారం ఆదివారం వెళ్ళేవాడని నా అనుమానం. అమ్మ పోయాక అయితే మరీను. ఆయన్ని నవ్వించగలిగింది మావ ఒక్కడే.

నా పెళ్ళయ్యాక ఈ తగువులోకి మా ఆయన వచ్చి పడ్డారు. ఆయన విజయనగరంలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతారు. ఒక ఎండాకాలం ఆదివారం అందరం మావ ఇంట్లో ఉన్నాం. భోజనాలయ్యాయి. నాన్న మామూలుగానే మొదలుపెట్టాడు. మావ మా ఆయన వైపు తిరిగి, "అల్లుడూ, నువ్వు సదువుకున్నోడివి. నాది గొప్పదా కాదా, ఏదో ఒకటి తేల్చీ" అన్నాడు.

ఆయన జాగ్రత్తగానే చెప్పారు. డిస్కులో ఉన్నది అంకెలే మావయ్యగారూ, ఏ ప్లేయరైనా చదివేది వాటినే, మంచిది గట్టిగా కడతారు, ఎక్కువ కాలం ఉంటుంది, గీతలు పడ్డ డిస్కుని కూడా తడబడకుండా చదువుతుంది, పాటలో తేడా మాత్రం చాలామందికి తెలియదంటారు, అని. "ఒకటి కాస్త గట్టిగా పలికితే చాలు, అదే బాగున్నట్టు అనిపిస్తుంది. చూసి వింటే ఖరీదైనదే బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకని చూడకుండా వినాలి."

"అయితే సూడకుండానే ఇంటాను. పెట్టు" అన్నాడు మావ.

మా ఆయన వద్దన్నట్టే మాట్లాడారు. మావ వినలేదు. నాన్నని స్కూటరు మీద పంపించి ఆయన ప్లేయరు తెప్పించాడు. ఒకే డిస్కు ఇద్దరి దగ్గరా ఉంటే అవి తీశారు. అందులో నాట్యం కోసం వాయించిన సంగీతం ఉంది. రెండు ప్లేయర్లూ ఒకే యాంప్లిఫయరుకి, అవే స్పీకర్లకి కలిపి, రెండిటి గొంతూ సమానం చేసి, ముందు దుప్పటి కట్టారు. మావ ఈలోగా వెళ్ళి ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఎప్పటిలాగే కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద, కళ్ళు మూసి.

మొదటిది విని "ఇది బావది" అన్నాడు. రెండోది విని "ఇది నాది. సూసేవా, ఎంత ఇప్పారుగా ఉన్నాదో" అన్నాడు. అది నిజంగానే ఆయనది. నాన్న తల గోక్కున్నాడు. మా ఆయన మార్చి మార్చి మళ్ళీ పెట్టారు. ఈసారి నాన్నదాన్ని తనదన్నాడు. మళ్ళీ పెడితే తనదాన్ని నాన్నదన్నాడు. ప్రతిసారీ అంతే గట్టిగా, అంతే నమ్మకంగా చెప్పాడు. దుప్పటి వెనక మా ఆయన ముఖం నాకు కనబడుతోంది. నాన్నకీ కనబడింది. నవ్వుతున్నవాడు నవ్వాపేశాడు.

"మాకూ తెలియడం లేదు మావయ్యగారూ. నాకైతే బొత్తిగా తెలియలేదు" అన్నారు మా ఆయన. అది నిజమే. నేనూ చెప్పలేకపోయాను. పళ్ళెం కిర్రుమంటే ఏది ఎవరిదో చెప్పగలను గానీ, పాట మొదలయ్యాక రెండూ నాకు ఒక్కటే.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. అత్త అంతదాకా గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఆవిడ మామూలుగా అంది, "మరే. నాను ఆ గజ్జెలే ఇంటన్నాను. రెండిట్లోనీ ఒకలాగే ఇనపడతన్నాయి."

మావ కళ్ళు తెరిచాడు. "ఏ గజ్జెలు?"

అత్త నవ్వింది. "అదేటి, పాట పొడుగునా గజ్జెలు గదా. సన్నగా."

"ఇందులో గజ్జెలు నేవే."

మా ఆయన ఆ ముక్క మళ్ళీ పెట్టారు, మావ పెట్టెలోనే. గజ్జెలు పాట పొడుగునా ఉన్నాయి. వాకిట్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడుతున్నాయి. మావ ముందుకు వంగి, స్పీకరు దగ్గరికి చెవి పెట్టి విన్నాడు. తర్వాత రెండో చెవి పెట్టి విన్నాడు. లేచి, పెట్టె ఆపేసి, లుంగీ కప్పి, సముద్రం వైపు వెళ్ళిపోయాడు. ఆ డిస్కు ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళుగా ఉంది. అరిగిపోయేలా విన్నాడు. అందులో గజ్జెలున్నాయని ఆయనకి ఆ రోజే తెలిసింది.

విజయనగరంలో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అత్త కూడా వచ్చింది. ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. మేం బయట నుంచి చూస్తున్నాం. మావ ఇంట్లో పాటకి కూర్చున్నట్టే కూర్చున్నాడు. మొదట్లో నొక్కాడు. కాసేపటికి నొక్కడం మానేశాడు. బయట మిషన్ దగ్గర అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది. మావ బటన్ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, ఎంతో శ్రద్ధగా, ఏమీ లేనిదాని కోసం ఎదురుచూస్తున్నాడు. నేను అటు తిరిగిపోయాను.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. కొంతదూరం తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి గోతిలోకి దిగినట్టు పడిపోయింది. "లావుపాటి శబ్దాలు వినబడతాయి. సన్నటివి పోయాయి. కుడి చెవి మరీ పాడైంది, ఎడమది కాస్త నయం. ఏం పని చేసేవారు?"

మావ చెప్పాడు. ఇంజన్ రూములో చెవులకి కప్పుకోవడానికి ఇచ్చేవారట. ఆయన తీసేసేవాడట. "అయి పెట్టుకుంటే ఇంజను ఏటి సెప్తన్నాదో తెల్దు సార్. బేరింగు పోయే ముందు ఒక సప్పుడు వస్తాది. అది ఇనాలి గదా."

"తిరిగి రావు" అన్నాడు డాక్టరు. మర్యాదగానే అన్నాడు.

"ఎప్పుడు పోనాయి?"

"ఒక్కరోజులో పోవు. కొంచెం కొంచెంగా, ఏళ్ళ తరబడి పోతాయి. మనకి తెలియదు."

"పెట్టె కొన్నప్పటికి ఉన్నాయా?"

ఏ పెట్టో డాక్టరుకి అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, అది ఎవరూ చెప్పలేరన్నాడు.

బయటికొచ్చాక అత్త బెంచీ మీద కూలబడింది. "నాను వొంటింట్లోంచి పిలిస్తే పలికేవోడు కాదు" అంది నాతో. "ఓడలెక్కి దేశాలు తిరిగినోడు, గీర అనుకున్నాను. నా మాటంటే లెక్క నేదనుకున్నాను. ఎన్నిసార్లు ఏడ్సేనో నీకు తెల్దు. ఇనపడక పలకలేదని ఎవులు సెప్పేరు నాకు?" మావ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆవిడ చెప్పింది ఆయనకి అందలేదు. "ఏటంటంది?" అని నన్నడిగాడు. ఏమీ లేదు మావా, పద అన్నాను.

చెవి మిషన్ కొన్నాం. పెట్టుకుని పాట పెట్టాడు. ఒక్క నిమిషం విని తీసేశాడు. "రేకు మీద వాన పడ్డట్టున్నాది" అన్నాడు. మిషన్ సర్దించడానికి మళ్ళీ మళ్ళీ తిరిగాం. కాకుల అరుపు, గిన్నెల చప్పుడు బాగానే వినిపించేది. పాట మాత్రం పాటగా రాలేదు. కొన్నాళ్ళకి అది అలమరలోకి వెళ్ళిపోయింది.

ఒకసారి మా ఆయనతో అన్నాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. "మీకు తేడా తెల్దన్నావు అల్లుడూ. సరే. మీకు రెండిట్లోనీ పాట ఉన్నాది. నాకు రెండిట్లోనీ నేదు. మరి ఇన్నేళ్ళూ నాను ఇన్నదేటి?"

మా ఆయన నిజాయితీగా చెప్పాలని చూశారు. ఒకప్పుడు విన్నది మనసులో ఉంటుంది మావయ్యగారూ, చెవి వదిలేసింది మనసు పూరిస్తుంది, అదీ వినడమే, అన్నారు.

"ఉంటే ఆ ఊపిరి ఒక్కటే" అన్నాడు మావ. "అది కూడా నిజంగా ఇన్నానో, ఇన్నాననుకున్నానో తెల్డం నేదు. ఆ కొట్లోవోళ్ళని అడుగుదామంటే ఏ ఊరో గుర్తు నేదు."

అప్పుడు నేనొక పని చెయ్యగలిగి ఉండేదాన్ని. ఆ జపాను డిస్కు పెట్టి, ఊపిరి ఉందో లేదో విని చెప్పగలిగేదాన్ని. లేచి డిస్కు తీశాను కూడా. మావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒద్దు గుంటా. ఉందన్నా బాధే, నేదన్నా బాధే." ఆ తర్వాత చాన్నాళ్ళు ఎవరూ ఆ పెట్టె తెరవలేదు.

వాడకుండా పడి ఉన్నది ఎంత ఖరీదైనదైతేనేం, ఉప్పుగాలి ఊరుకోదు. పోయినేడాది నాన్న ఏమనుకున్నాడో, ఒకసారి పాడించి చూద్దామని మీట నొక్కితే పళ్ళెం వచ్చింది గానీ డిస్కు తిరగలేదు. విజయనగరంలో చూపించాడు, విశాఖ తీసుకెళ్ళాడు. లోపల లెన్సు పోయిందన్నారు. ఆ రకం తయారుచెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసిందట, ఎక్కడా దొరకదన్నారు. నాన్న దాన్ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. మావకి ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. మావకే అర్థమైంది.

"ఒగ్గీ బావా. అది సెప్పలేదు, నాను ఇన్లేను. సరిపోనాది."

నాన్న ప్లేయరు మాత్రం ఇప్పటికీ పాడుతోంది. దాన్ని మావ ఇంటికి తెచ్చి, తనకి నచ్చిన సినిమా పాటలు పెట్టి, ఆదివారం పొద్దంతా ఇద్దరూ కూర్చునేవారు. మావ ఎడమ చెవి అటు తిప్పి కూర్చునేవాడు. వింటున్నాడని కాదు. బావ వచ్చాడని.

చివరి రెండేళ్ళూ మావ బాగా తగ్గిపోయాడు. అత్తతో కూడా కళ్ళతోనే మాట్లాడేవాడు. ఎవరైనా గట్టిగా పిలిస్తే ఇటు తిరిగి, పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. అత్త అరిచేది. అన్నం తిన్నావా, మందేసుకున్నావా, ఇవి అరవొచ్చు. మిగతావి అరవలేం కదా. గీర అనుకున్నానని, తప్పుగా అనుకున్నానని ఆవిడ ఆయనకి ఎప్పుడైనా చెప్పిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు. భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలయ్యాక మా రోడ్డు మీద పగలంతా లారీలే. ఆ లారీల మోత మాత్రం ఆయనకి బాగా వినబడేది. లోకంలో ఇన్ని చప్పుళ్ళుంటే నాకు ఇవే మిగిలేయి అని ఒకసారి అన్నాడు.

మంచి పెట్టెలో పాట నిజంగా బాగుంటుందా అని ఇప్పటికీ నన్ను ఎవరైనా అడుగుతారు, మావ సంగతి తెలిసినవాళ్ళు. నాకు తేడా తెలియలేదనే చెబుతాను. కానీ మావ అలా కూర్చుని వినకపోతే నాకు గజ్జెలు వేరుగా, మద్దెల వేరుగా వినబడేవి కావు. ఆయన నాకిచ్చింది ఆయన దగ్గరే మిగల్లేదు. దీన్ని ఎలా చెప్పుకున్నా నాకు ఓదార్పు దొరకడం లేదు.

సాయంత్రం పాడె లేచింది. ఆడవాళ్ళం ఊరి చివరిదాకా నడిచాం. సర్వితోటల దగ్గర దింపుడు కళ్ళం. ప్రాణం ఎక్కడైనా మిగిలుందేమోనని పాడె దించి, పోయినవాళ్ళని చెవిలో పేరుపెట్టి పిలుస్తారు కదా. పెద్దవాళ్ళు నాన్నని పిలవమన్నారు. ఆయన వచ్చి కుడివైపు వంగాడు. వంగినవాడు ఆగి, లేచి, పాడె చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ చెవి దగ్గర నోరు పెట్టి, "బావా" అని పిలిచాడు. మామూలుగా అందరూ పిలిచినట్టు మెల్లగా కాదు, మావతో మాట్లాడేటప్పుడు పిలిచినట్టే, గొంతెత్తి. తోటలో కొంగలు లేచాయి. పిలిచి, తల కొంచెం వెనక్కి తీసుకుని, మావ తిరిగి తన పెదాల వైపు చూడ్డానికి ఎప్పుడూ పట్టేంతసేపు ఆగాడు. మోసేవాళ్ళు పాడె కర్రల మీద చేతులు వేశారు. నాన్న ఇంకొంచెం ఆగమన్నట్టు చెయ్యి చూపించి, అలాగే ఆ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.